మోయ మాఫీ

ఆర్మూరు నుంచి వచ్చి పదకొండేళ్లుగా సౌదీలో ప్లంబరు పని చేస్తున్న లింబాద్రికి, తాముండే క్యాంపులో నీళ్లు ఎందుకు రావడం లేదో కిందటి వారం తెలిసింది. జెద్దా నుంచి రాబిగ్ పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ క్యాంపులో నూట పన్నెండు మంది ఐదు నెలలుగా బక్కెట్టు నీళ్లకు కొట్టుకుంటున్నారు. ట్యాంకరు వాడు సగమే పోసి పోతున్నాడని అందరూ వాణ్ని తిట్టుకున్నారు. కానీ ట్యాంకు కింద గుంతలో ఉన్న పెద్ద వాల్వును ఎవరో ముప్పావు వంతు మూసి, చక్రానికి ఇనుప తీగ చుట్టి, సీలు వేసి పెట్టారు. లింబాద్రి పక్క మంచం నర్సింలు ముసలివాడు. లెట్రిన్‌లో నీళ్లుండవని తాగడమే తగ్గించుకుని, జూలై ఎండలో పైకప్పుల మీద పైపులు మోసి, మూత్రంలో నెత్తురు పడి ఆసుపత్రిలో చేరాడు. ఆ సీలు తెంపబోతున్న లింబాద్రి భుజం మీద సూపర్‌వైజరు చెయ్యి పడింది. "రేపు పొద్దున ఎనిమిదింటికి ఓబదయ్య సార్ రమ్మన్నాడు" అన్నాడు సూపర్‌వైజరు.

ఎనిమిదింటికి లింబాద్రి ఆఫీసులో నిలబడి ఉన్నాడు.

ఓబదయ్యది భీమవరం దగ్గర ఊరు. కంపెనీలో, వీసాలిచ్చే సౌదీ యజమాని కఫీల్ తర్వాత అంతటివాడు. టేబుల్ మీద చల్లటి నీళ్ల సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకటి ముందుకు తోశాడు.

"తాగు."

లింబాద్రి ఆగలేకపోయాడు. ఒక్క గుక్కలో సీసా ఖాళీ అయింది. ఓబదయ్య రెండోది తోశాడు. అదీ తాగేశాక లింబాద్రికి సిగ్గేసింది. అడగడానికి వచ్చినవాడు ముందు నీళ్లు తాగి కూర్చున్నట్టయింది.

"వాల్వు చూశావంట?"

"చూసిన సార్. ముప్పావు బందువెట్టిండ్రు. సీలు గూడ ఏసిండ్రు. ఎవలు జేసిండ్రో గని సార్, మనిషి పుట్క పుట్టినోడు జేసే పని గాదు."

"ఎవరు చేశారో తెలుసుకోవాలనుందా?"

"ఉన్నది. నర్సింలు కాక అట్ల పడ్డడంటే దాని వల్లనే."

ఓబదయ్య సొరుగులోంచి ఒక ఫైలు తీశాడు. అందులోంచి ఒక కాయితం బయటికి లాగి లింబాద్రి వైపు తిప్పాడు. ఫిబ్రవరి నెల జాబ్ కార్డు. పైనంతా ఇంగ్లీషు, అరబ్బీ. అడుగున మాత్రం తెలుగులో, వంకర అక్షరాల్లో ఒక పేరు.

"ఈ సంతకం ఎవరిదో చదువు."

లింబాద్రికి చదవక్కర్లేకపోయింది. అది వాడి చేతిరాతే.

వాడికి ఆ రోజు గుర్తొచ్చింది. కంపెనీ కొత్తగా తెచ్చిన 'గైమా' బిళ్లలు క్యాంపు నల్లాలన్నిటికీ బిగించిన రోజు. నీళ్లలో గాలి కలిపి, ధార తగ్గించి, నీళ్లు ఆదా చేస్తుందని పేరు. పైన ఆకుపచ్చ ఆకు గుర్తు. బిగించేముందు వాల్వు తొమ్మిది చుట్లు తిప్పి ఆపమన్నారు. తిప్పాడు. సంతకం పెట్టమన్నారు. పెట్టాడు. తర్వాత తెరవడానికి వేరే మనిషి వస్తాడని చెప్పి, ఆ మధ్యాహ్నమే వాణ్ని తాయిఫ్‌లో పనికి పంపించారు. మూడు వారాలకు తిరిగొచ్చేసరికి క్యాంపులో ట్యాంకరు వాణ్ని తిడుతున్నారు. వాడూ తిట్టాడు.

"మీరు జెయ్యమంటేనే జేసిన సార్."

"నేను చెయ్యమన్నానని ఇందులో ఎక్కడుందో చూపించు."

"సీలు నేను ఎయ్యలె."

"సీలు సంగతి ఎవడడిగాడు? మూసిందెవరు? నీ చెయ్యే కదా? ముసలాడు ఆసుపత్రిలో పడ్డాడంటే ఆ చెయ్యి వల్లే కదా?"

ఓబదయ్య గొంతు పెంచలేదు. పిల్లాడికి లెక్క నేర్పేవాడిలా నెమ్మదిగా అన్నాడు. లింబాద్రి తన అరచేతులు చూసుకున్నాడు. ఐదు నెలలుగా రోజూ రాత్రి నర్సింలు కాళ్లు నొప్పులంటే ఒత్తింది ఆ చేతులతోనే.

"ఎందుకు సార్?" అన్నాడు. "నీళ్లకు మీకేం తక్కువైంది?"

"విల్లాలు తిరిగింది నువ్వే కదా. నీకు తెలీదా ఎందుకో?"

తెలుసు. ఆ చలికాలమంతా లింబాద్రి జెద్దాలో మూడు వందల విల్లాలు తిరిగాడు. ప్రతి ఇంట్లో బిళ్లలు ఉచితంగా బిగించి, గేటుకు ఆకుపచ్చ స్టిక్కరు అంటించి, ఒక ఫారం నింపించాలి. ఫారంలో మొదటి ప్రశ్న: నీటి కొరత గురించి మీకు ఆందోళనగా ఉందా? అందరూ 'చాలా' దగ్గరే టిక్కు పెట్టారు. రెండోది: పర్యావరణానికి మేలు చేసే వస్తువైతే కాస్త ధర ఎక్కువైనా కొంటారా? కొంటామన్నారు. ఒక పెద్దావిడ అయితే కన్నీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. మా మనవల కాలానికి ఏం మిగులుతుందో అంది. ఆవిడ ఆ మాటంటున్నప్పుడు వెనక డ్రైవరు పైపు పట్టుకుని మూడు కార్లూ కడిగి, నీళ్లు ఆపకుండానే పైపు నేల మీద పడేసి చాయ్ తాగడానికి పోయాడు. లింబాద్రి ఆ పైపు దగ్గర తన సీసా నింపుకోబోతే ఆవిడే వద్దంది. అవి మొక్కల కోసం పెట్టిన నీళ్లట.

నెల తిరిగేసరికి ఫోన్లు మొదలయ్యాయి. ధార సన్నగా వస్తోంది, తీసెయ్యండి అని. ఎక్కిన మెట్లే మళ్లీ ఎక్కి లింబాద్రి బిళ్లలన్నీ విప్పాడు. విప్పిన ప్రతిచోటా ఒకే మాట. నల్లా బిళ్ల తీసెయ్, గేటు మీద స్టిక్కరు మాత్రం ఉండనీ.

"మూడు వందల ఇళ్లలో ఆదా ఎంతో తెలుసా? సున్నా," అన్నాడు ఓబదయ్య. "కొందరింట్లో వాడకం పెరిగింది కూడా. స్టిక్కరు అంటించాం కదా, మా బాధ్యత తీరిందని ఇంకా ఎక్కువ వాడారు. ఇప్పుడు హోటళ్ల వాళ్లు కొంటామంటున్నారు. ముప్పై హోటళ్లు. వాళ్లకి లెక్క చూపించాలి. ఎక్కడ్నుంచి తేను? నలభై రెండు శాతం ఆదా. మీ క్యాంపు మీటరు చూపిస్తోంది ఆ లెక్క."

"అది బిళ్లతోని అయిన ఆదా గాదు సార్. మేము నీళ్లు లేక ఎండినం."

"మీటరుకి ఆ తేడా తెలీదు."

అని, ఓబదయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. మొదటిసారి వాడి మొహంలో అలసట కనిపించింది.

"సౌదీవాళ్లకి ఎన్ని ఉద్యోగాలిచ్చామో చూసే నితాఖత్ లెక్కలో కంపెనీ పసుపు రంగులోకి దిగింది లింబాద్రీ. ఎరుపులోకి పడిందా, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా నీకూ లేదు, నాకూ లేదు. నా కుర్చీ సౌదీవాడికి ఇవ్వాలని సెప్టెంబరు దాకా గడువిచ్చారు. పెళ్లాం పిల్లల మీద కట్టే లెవీ పన్ను ఈ నెల నుంచి రెట్టింపు. ఈ ఆర్డరొస్తే అందరం బతుకుతాం. రాకపోతే అందరం దేశం వదిలిపొమ్మనే ఖురూజ్ ముద్ర కొట్టించుకుని విమానం ఎక్కుతాం. నీకు ఊళ్లో ఏముంది చెయ్యడానికి?"

లింబాద్రి ఖాళీ సీసాకు మూత బిగించాడు.

"ఇది చూడు." ఇంకో కాయితం ముందుకొచ్చింది. ఇదీ అరబ్బీ, ఇంగ్లీషు. "నర్సింలుకి డయాలిసిస్ చెయ్యాలంటున్నారు. ఇన్సూరెన్సు వాడు కారణం రాసివ్వమంటున్నాడు. వాల్వు పొరపాటున మూసుండిపోయిందని ప్లంబరు రాసిస్తే వాడు ఒప్పుకుంటాడు. ఇవ్వలేదనుకో, రేపు సాయంత్రం మిషను మీంచి తీసేస్తారు."

"కాక ఎట్లున్నడు సార్ ఇప్పుడు?"

"బానే ఉన్నాడు. రాత్రి గంజి తాగాడంట. మా ఆవిడ ఆ వార్డులోనే కదా. నిన్నే కలవరిస్తున్నాడంట."

ఓబదయ్య భార్య రెబెక్కా ఆ ఆసుపత్రిలో నర్సు. నర్సింలును చేర్పించిన రోజు లింబాద్రి ఫోన్ నంబరు రాసుకున్నదీ, తినడానికి రొట్టె తెచ్చిపెట్టిందీ ఆమే. ఆమె పేరు వినగానే లింబాద్రి గట్టితనం కరిగిపోయింది.

"ఇందుల ఏం రాసున్నది సార్? నాకు ఇంగ్లీషు రాదు."

"చెప్పాను కదా. పొరపాటున అని."

"నా మీదికేమన్న వస్తదా?"

"పొరపాటుకి ఎవడన్నా జైల్లో పెడతాడా?"

లింబాద్రి సంతకం పెట్టాడు. పెట్టాక పెన్ను టేబుల్ మీద పెట్టబోతే కింద పడింది. ఓబదయ్యే వంగి తీసుకున్నాడు. కాయితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పదకొండింటికి హోటళ్ల వాళ్లు క్యాంపుకొస్తున్నారు. వీడియో కూడా తీస్తారు. నువ్వు నల్లా దగ్గర నిలబడాలి. ఈ రోజు వాల్వు పూర్తిగా తెరిచే ఉంటుంది. మర్యాదగా మాట్లాడు."

క్యాంపులో పదకొండింటికి నూట పన్నెండు మంది ఉతికిన బట్టలేసుకుని గోడ పక్కన వరసగా నిలబడ్డారు. అన్ని నల్లాలూ తెరిచి ఉన్నాయి. ఐదు నెలల తర్వాత ఆ సిమెంటు తొట్ల నిండా నీళ్లు పారుతున్నాయి. చెయ్యి పెట్టొద్దని సూపర్‌వైజరు ముందే హెచ్చరించాడు. ఒక బెంగాలీ కుర్రాడు తట్టుకోలేక దోసిట్లో పట్టుకుని మొహం కడుక్కున్నాడు. సూపర్‌వైజరు వాడి జుట్టు పట్టి వెనక్కి లాగి, తడి చొక్కాతో అతిథులకు కనబడకూడదని గదిలో పెట్టి గొళ్లెం వేశాడు.

హోటళ్ల తరఫున వచ్చినావిడది లెబనాన్. పర్యావరణం పనులు చూస్తుందట. మంచి మనిషిలాగే ఉంది. ఎండకు మొహం ఎర్రబడినా గొడుగు వద్దంది. పారే నల్లా కింద వేలు పెట్టి చూసి, ఇంత తక్కువ నీళ్లతో ఇంత మంచి ధారా అని ఆశ్చర్యపోయింది. కెమెరా లింబాద్రి వైపు తిరిగింది. ఆమె ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"స్నానానికి ఎన్ని నీళ్లు వాడతావని అడుగుతున్నారు," అన్నాడు ఓబదయ్య నవ్వుతూ. "ఒక బక్కెట్టు చాలని చెప్పు."

లింబాద్రి వరసలో నిలబడినవాళ్లను చూశాడు. అందరూ నీళ్ల వైపే చూస్తున్నారు, ఒక్కరూ కెమెరా వైపు చూడటం లేదు.

"ముగ్గురికి ఒక్క బక్కెట్టు మేడం," అన్నాడు తెలుగులో. "శుక్రవారం శుక్రవారం జేస్తం. తక్కినప్పుడు తువ్వాల తడిపి తుడుచుకుంటం. మా కాకకు నెత్తురు వడ్డది."

ఓబదయ్య నవ్వు చెరగలేదు. ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. లింబాద్రికి అందులో 'హెల్త్' అని, 'హ్యాపీ' అని వినబడ్డాయి. ఆవిడ చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

అప్పుడు లింబాద్రికి తట్టింది. లెబనాన్ మనిషి కదా, అరబ్బీ వస్తుంది. తనకు అరబ్బీలో పనికి సరిపడా మాటలొచ్చు. ఒక అడుగు ముందుకేశాడు.

"మదామ్, మోయ మాఫీ! హినా మోయ మాఫీ!"

ఇక్కడ నీళ్లు లేవు. ఇంతకంటే తేలిక మాట ఆ భాషలో ఇంకోటి లేదు. ఆవిడ ఆగింది. వాడి మొహంలోకి చూసింది. తర్వాత వాడి చెయ్యి పక్కనే బుసబుసా పారుతున్న నల్లా చూసింది. వరసగా ఉన్న తొట్లన్నీ చూసింది. అన్నీ పొంగుతున్నాయి.

"మరి ఇదేంటి?" అంది అరబ్బీలో, వేలు చూపించి.

ఓబదయ్య గట్టిగా నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. ఆవిడతో వచ్చినవాళ్లూ నవ్వారు. లింబాద్రి ఇంకోసారి అనబోయాడు. ఎలా చెప్పాలి? పారుతున్న నీళ్ల పక్కన నిలబడి నీళ్లు లేవంటే ఎవరు నమ్ముతారు? ఆవిడ బ్యాగులోంచి ఆకు గుర్తున్న ఆకుపచ్చ బ్యాడ్జీ తీసి తన చేత్తో వాడి చొక్కాకు గుచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. వరసలో ఉన్నవాళ్లను కూడా సూపర్‌వైజరు కొట్టమన్నాడు. కొట్టారు.

అతిథుల కార్లు గేటు దాటగానే వరస చెదిరింది. బక్కెట్లు, డ్రమ్ములు, వంట గిన్నెలు, చివరికి బూట్లు కూడా పట్టుకుని నల్లాల మీద పడ్డారు. కొందరు బట్టలతోనే తొట్లలో కూర్చున్నారు. ఓబదయ్య రెండు నిమిషాలు చూశాడు.

"లింబాద్రీ," అన్నాడు. "వాల్వు మూసెయ్."

"సార్..."

"నువ్వే. వేరేవాడు కాదు. మోయ మాఫీ అన్నావుగా, నిజం చెయ్యి. తొమ్మిది చుట్లు. నీకు లెక్క తెలుసు." అంత గట్టిగా అన్నాడంటే అందరికీ వినబడాలనే అన్నాడు. "నర్సింలు మిషను మీదుండాలంటే."

లింబాద్రి గుంతలోకి దిగాడు. చక్రం పట్టుకున్నాడు. ఒక చుట్టు. రెండు. పైన నల్లాల్లో ధార సన్నబడుతున్న చప్పుడు వినబడింది. వెంటనే తిట్లు మొదలయ్యాయి. తెలుగులో, హిందీలో, బెంగాలీలో. సిరిసిల్ల రాజేశం గుంత అంచుకొచ్చి నిలబడ్డాడు. ఒంటి నిండా సబ్బు నురగ, కళ్లు తెరవలేకపోతున్నాడు.

"ఫిబ్రవరిల గూడ నువ్వే బందువెట్టినవంట గదరా! సూపర్‌వైజర్ జెప్పిండు. మాతోని వండుకోని తిని, మా నోట్ల మన్ను గొడ్తవా? నీ చేతులిరగ!"

ప్లాస్టిక్ మగ్గు వచ్చి లింబాద్రి చెవికి తగిలింది. వాడు తల కూడా తడుముకోలేదు. మూడు. నాలుగు.

జేబులో ఫోను మోగింది.

"లింబాద్రి తమ్ముడా? నేను రెబెక్కాని. సిస్టర్‌ని." ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. "మీరెవరూ రాలేదేంటి తమ్ముడూ? రాత్రి డ్యూటీ అయిపోయినా ఇంటికెళ్లకుండా మార్చురీ దగ్గరే కూర్చున్నాను, ఎవరో ఒకరు వస్తారని."

"మార్చురీ ఏంది అక్కా?"



"ఆయన మీకు చెప్పలేదా?"

"ఎవలు? ఏమి జెప్పలె?"

"నర్సింలుగారు పోయారు తమ్ముడూ. తెల్లారి ఐదున్నరకి. ఆరింటికి మా ఆయనకి నేనే ఫోన్ చేసి చెప్పాను. సరే, ప్లంబరు చేత రాయిస్తాలే అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. తమ్ముడూ, నా మాట విను. ఆయన ఏ కాయితం తెచ్చినా సంతకం పెట్టకు. విన్నావా? పెట్టలేదు కదా?"

లింబాద్రి ఫోను చెవి దగ్గర్నుంచి దించాడు. ఎనిమిదింటికి ఆ గదిలో తాను రెండు సీసాలు నీళ్లు తాగుతున్నప్పటికి నర్సింలు పోయి రెండున్నర గంటలైంది. రాత్రి గంజి తాగాడన్నాడు. నిన్నే కలవరిస్తున్నాడన్నాడు. చచ్చిపోయినవాణ్ని బతికించుకోవడానికి తాను సంతకం పెట్టాడు. ఒక మనిషి చావును తన చేత్తో తన మీద రాసుకున్నాడు.

చక్రాన్ని వెనక్కి తిప్పాడు. నాలుగు చుట్లూ. పైన నల్లాలు మళ్లీ దబదబా పారాయి. గుంతలోంచి పైకొచ్చి, సబ్బు నురగతో నిలబడిన రాజేశం ముందు నిలబడ్డాడు.

"నర్సింలు కాక సచ్చిపోయిండు," అన్నాడు. "పొద్దుగాల్నే. మనల చప్పట్లు గొట్టనీకె నిలవెట్టినప్పుడు ఆనికి ఎర్కే."

ఎవరి గురించి అన్నాడో చెప్పక్కర్లేదు. బక్కెట్లు ఒక్కొక్కటే కింద పెట్టారు. తొట్లలో కూర్చున్నవాళ్లు లేచారు. ఓబదయ్య అప్పటికే కారెక్కాడు. కారు గేటు దాకా వచ్చి ఆగింది. గేటుకు అడ్డంగా రాజేశం కూర్చుని ఉన్నాడు, ఒంటి మీద నురగ ఎండిపోతుండగా. వాడి పక్కన ఇంకొకడు. తర్వాత పది మంది. తర్వాత లెక్క తెలియనంత మంది.

ఓబదయ్య హారన్ కొట్టాడు. అద్దం దించాడు.

"లేవండ్రా. ఆఫీసులో పనుంది నాకు."

లింబాద్రి కారు దగ్గరికి వెళ్లాడు. "జేబులున్న కాయితం ఇయ్యిన్రి సార్. గేటు తీస్తం."

"ఏ కాయితం?"

"ఆరింటికి అక్క ఫోన్ జేసింది మీకు."

ఓబదయ్య మొహంలో రంగు పోయింది. అది ఒక్క క్షణమే. అద్దం పైకెక్కింది. లోపల ఫోను చెవికి పెట్టుకుని అరబ్బీలో మాట్లాడటం కనబడింది. అద్దం మందంగా ఉన్నా ఒక్క మాట మాత్రం గేటు దగ్గరున్న ప్రతివాడికీ వినబడింది. 'ఇద్రాబ్'. సమ్మె అని. ఆ మాట ఎవరి మీద పడితే వాళ్లు జైలుకు, అక్కణ్నుంచి మళ్లీ రాకుండా ఊరికి.

వెనక నుంచి ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. తలలు దించుకుని గదుల్లోకి పోయారు. తలుపులు మూసుకుంటున్న చప్పుళ్లు. ఇరవై నిమిషాలకు గేటు ముందు తొమ్మిది మంది మిగిలారు. రాబిగ్ రోడ్డు వైపు నుంచి సైరన్ వినిపించింది, ముందు సన్నగా, తర్వాత దగ్గరగా. లింబాద్రి వెళ్లి రాజేశం పక్కన కూర్చున్నాడు. రాజేశం వాడి వైపు చూడలేదు.

"లింబాద్రీ, నాకు ముగ్గురు ఆడపిల్లలున్నరు," అన్నాడు రాజేశం. "పోలీసోళ్లు అడిగితే, మొదలు నువ్వే కూసున్నవని చెప్త. ఏమనుకోకు."

అన్నాడే గానీ లేవలేదు. పోలీసు బండి గేటు బయట ఆగింది.